కండెమ్ చేసే ముందు ఆ పెట్టెను వెనక్కి తిప్పి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల వరండా ఫొటో వేశారు. విరిగిన స్టూళ్లు, కాళ్లు ఊడిన బల్లలు, వాటి పక్కన దుమ్ము పట్టిన ప్రయోగశాల పరికరాలు కనిపించాయి. వాటిని పనికిరానివిగా రాసి (కండెమ్ చేసి) త్వరలో పాత సామానుగా వేలం వేస్తారని కింద రాశారు. ఆ ఫొటోలో ఎడమ చివర ఒక తెల్లటి పెట్టె వీపు కెమెరా వైపు తిరిగి ఉంది. ఇ-పేపరులో పెద్దది చేసి చూశాను. కరెంటు వైరు తగిలించే చోటికి కాస్త పైన, రెండు స్క్రూల మధ్య, చిన్న సాకెట్టు ఉంది. పై వరసలో అయిదు పిన్నులు, కింది వరసలో నాలుగు. అది సీరియల్ పోర్టు, అంటే పరికరమూ కంప్యూటరూ వైరు మీద మాట్లాడుకునే దారి. ఆ పరికరం బాగుందో పాడైందో ఫొటో చూసి చెప్పలేను. దాన్ని వేలానికి పంపే ముందు ఆ తొమ్మిది పిన్నుల దారిన ఎవరైనా పలకరించి చూశారా అని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 31 ఏళ్లు ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి 2022లో పదవీ విరమణ చేశాను. బ్యూరెట్లు కడగడం, ద్రావణాలు కలపడం, స్టాక్ రిజిస్టరు రాయడం నా పని. కంప్యూటర్లు చదివినదాన్ని కాను. ఈ సీరియల్ పోర్టు సంగతి నాకు తెలిసింది ఒక విద్యార్థిని పట్టుదల వల్ల. అది కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఈ ఉత్తరంలో నేను అడగబోయేదంతా అక్కడి నుంచే పుట్టింది.

మా విభాగానికి 2007లో ఒక ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్, అంటే తూకం యంత్రం, వచ్చింది. మెట్లర్ టొలెడో వారిది. గ్రాములో పదివేలో వంతు దాకా చూపిస్తుంది. పెట్టె విప్పినప్పుడు అందులో బ్యాలెన్సుతో పాటు చుట్ట చుట్టి కవరులో పెట్టిన ఒక కేబులు, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. రిజిస్టరులో ‘కేబుల్ 1, పుస్తకం 1’ అని రాసి బీరువాలో పెట్టాను. ఏడేళ్లు ఆ కవరు విప్పలేదు.

2014లో బీఎస్సీ మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టుకు కర్పూరాన్ని ఎంచుకుంది. పూజా సామగ్రి దుకాణంలో కొన్న హారతి కర్పూరమే. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికేది చాలావరకు చెట్టు కర్పూరం కాదు, టర్పెంటైన్ నూనె నుంచి తయారుచేసినది. కర్పూరం కరగకుండానే ఆవిరైపోతుందని పదో తరగతి పిల్లలకూ తెలుసు. ఎంత వేగంగా ఆవిరవుతుందో కొలవాలన్నది ఆ అమ్మాయి ఆలోచన. అయిదు నిమిషాలకోసారి చొప్పున ఒక రాత్రంతా బరువు రాయాలి. ‘మేడం, మీరు ఒప్పుకుంటే నేనే కూర్చుని రాస్తాను’ అంది. ఆడపిల్లను రాత్రంతా ల్యాబులో ఎలా ఉంచుతాం? కుదరదని చెప్పాను. ఆ అమ్మాయి ముఖం చూశాక మనసు ఊరుకోలేదు. మర్నాడు బీరువా తెరిచి ఆ కేబులూ పుస్తకమూ బయటికి తీశాను.

పుస్తకంలో ముప్పావు వంతు, ఆ కేబులు గుండా కంప్యూటరు నుంచి బ్యాలెన్సుకు పంపే ఆదేశాల జాబితాయే. ‘ఎస్’ అనే ఒక్క అక్షరం పంపితే బ్యాలెన్స్ నిలకడగా ఉన్న బరువును పంపుతుంది. ‘ఎస్ ఐ’ అని పంపితే నిలకడ కోసం ఆగకుండా ఆ క్షణాన ఉన్న బరువును పంపుతుంది. ‘జడ్’ అంటే సున్నా చేసుకుంటుంది. ‘టి’ అంటే పాత్ర బరువు తీసేస్తుంది. అంటే ఆ యంత్రం ముందు కూర్చుని మనం మీటలు నొక్కి చేసే పనులన్నీ దూరం నుంచి అక్షరాలతో చేయించవచ్చు. ఏడేళ్లు నా చేతి కింద ఉన్న పరికరం గురించి నాకు ఇది తెలియదు.

మా కంప్యూటరుకు ఆ సాకెట్టు లేదు. పట్టణంలోని కంప్యూటర్ల దుకాణంలో యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న వైరు 350 రూపాయలకు దొరికింది. కంప్యూటర్ సైన్స్ విభాగంలో గెస్ట్ లెక్చరరుగా ఉన్న కుర్రాడు సాయం పట్టాడు. వెంటనే పని జరగలేదు. ముందు బ్యాలెన్స్ మీద ఉన్న ప్రింట్ మీట నొక్కాం. నొక్కగానే బరువు కంప్యూటర్ తెర మీదికి రావాలి. ఏమీ రాలేదు. పుస్తకంలో బొమ్మ చూస్తే, తొమ్మిది పిన్నుల్లో అసలు పని మూడింటిదే. కంప్యూటరు వైపు రెండో పిన్ను వినడానికి, మూడోది మాట్లాడడానికి, అయిదోది రెండింటికీ ఉమ్మడి భూమి. మా మధ్యలో ఎక్కడో ఒక వైరు అటుదిటు కావడంతో నోటికి నోరు, చెవికి చెవి కలిపినట్టయింది. భౌతికశాస్త్ర విభాగం నుంచి సోల్డరింగ్ ఐరన్ తెచ్చి రెండో వైరునూ మూడో వైరునూ తారుమారు చేశాం.

ఈసారి ప్రింట్ నొక్కితే తెర మీద ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. ఆ గుర్తులు చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. యంత్రం మాట్లాడుతోంది, మనకు అర్థం కావడం లేదు, అంతే. వేగం కుదరలేదని ఆ కుర్రాడు చెప్పాడు. బ్యాలెన్స్ సెకనుకు 9600 బిట్ల వేగంతో పంపుతుంటే కంప్యూటరు 2400 అనుకుని వింటోంది. అది సరిచేయగానే బరువు కనిపించింది. తరువాత మేమే అడగాలని ‘ఎస్’ కొట్టి ఎంటర్ నొక్కాం. జవాబు లేదు. ప్రతి ఆదేశం చివర రెండు కనపడని గుర్తులు ఉండాలట. ఒకటి వరస మొదటికి రమ్మని, రెండోది కింది వరసకు దిగమని, పాత టైపు మిషన్ల కాలం నాటి మాట. మా ప్రోగ్రామ్ మొదటిదాన్నే పంపుతోంది. అదీ సరిచేశాక ‘ఈ ఎస్’ అని జవాబు వచ్చింది. ఆదేశం అర్థం కాలేదని దాని భావం. చూస్తే చిన్న అక్షరం కొట్టాం. పెద్ద అక్షరం కొట్టాం. బరువు వచ్చింది. సాయంత్రం నాలుగున్నర అయింది. ల్యాబులో ఉన్న నలుగురం చప్పట్లు కొట్టాం.

ఆ జవాబు ఎలా ఉందో దగ్గరగా చూడండి. మొదట ‘ఎస్’, తరువాత ఖాళీ, మళ్లీ ఒక అక్షరం, ఖాళీ, పది గడుల్లో కుడివైపుకు జరిపి రాసిన బరువు, ఖాళీ, గ్రాములకు ‘జి’. మధ్యలో ఉన్న ఆ రెండో అక్షరమే నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. బరువు నిలకడగా ఉంటే అక్కడ ‘ఎస్’ వస్తుంది. ఇంకా కదులుతుంటే ‘డి’ వస్తుంది. అంటే అంకెతో పాటు ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో కూడా యంత్రం చెబుతుంది. మూడు దశాబ్దాలు నేను ప్రాక్టికల్సులో చూసింది ఏమిటంటే, పిల్లలు తొందరలో నిలకడ గుర్తు చూడకుండానే బరువు రికార్డులో రాసేసేవారు. రాశాక అది కదులుతున్న అంకెయో నిలిచిన అంకెయో ఎవరూ చెప్పలేరు. రికార్డు పుస్తకంలో అన్ని అంకెలూ ఒకేలా ఉంటాయి. సీరియల్ దారిన వచ్చిన అంకె మాత్రం తన గురించి తానే సాక్ష్యం వెంట తెచ్చుకుంటుంది.

పగటిపూట ఫ్యాను కింద పరీక్షించినప్పుడు ‘ఎస్’ ఆదేశం చిక్కు తెచ్చింది. గాలికి పళ్లెం ఊగుతూ ఉంటే బ్యాలెన్స్ నిలకడ కోసం ఎదురుచూసి ఎదురుచూసి చివరకు ‘ఎస్ ఐ’ అని చేతులెత్తేసింది. జవాబులో ఆ అక్షరాలకు ఈ పని ఇప్పుడు చేయలేనని అర్థం. అందుకని రాత్రికి ‘ఎస్ ఐ’ ఆదేశాన్నే ఎంచుకుని, వచ్చిన జవాబు మొత్తాన్ని, ఆ నిలకడ అక్షరంతో సహా, సమయంతో కలిపి ఫైలులో రాసుకునేలా పెట్టాం. ఆ కుర్రాడు పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్ పద్నాలుగు వరసలు. పోర్టు తెరువు, ఆదేశం పంపు, జవాబు చదువు, రాసుకో, నిమిషం ఆగు, మళ్లీ మొదటికి వెళ్లు. అంతకంటే అందులో ఏమీ లేదు.

సాయంత్రం అయిదు గంటలకు గడియార గాజు (వాచ్ గ్లాస్ అనే చిన్న గాజు పళ్లెం) మీద కర్పూరం బిళ్ల పెట్టాం. ఆవిరి బయటికి పోవడానికి బ్యాలెన్స్ పక్క తలుపు వేలెడంత తెరిచి ఉంచాం. ఫ్యానులు ఆపి, కంప్యూటరును యూపీఎస్ మీద ఉంచి, తాళం వేసి వెళ్లాం. ఉదయం తొమ్మిదికి తెరిచేసరికి 960 బరువులు వరసగా ఉన్నాయి. నిమిషానికి చివరి అంకె కూడా కదలనంత నెమ్మది. మూడు నాలుగు నిమిషాలకోసారి ఒక్క అంకె తగ్గింది. రాత్రంతా కలిపి దాదాపు 30 మిల్లీగ్రాములు. మనిషి కూర్చుని రాసి ఉంటే అర్ధరాత్రి దాటాక పాత అంకెనే మళ్లీ మళ్లీ వేసేవాడు. వాళ్లను తప్పు పట్టను, మనిషి కన్ను అంతే.

గ్రాఫు గీస్తే ఉదయం ఎనిమిదీ నలభై దగ్గర గీత ఒక్కసారిగా వణికింది. నిలకడ అక్షరాలు ‘ఎస్’ నుంచి ‘డి’కి మారాయి. గీత వాలు కూడా పెరిగింది. మా స్వీపరమ్మను అడిగితే, గది ఊడ్వడానికి ఆ వేళకే వచ్చి ఫ్యాను వేసుకున్నానని చెప్పింది. ఆ అమ్మాయి గ్రాఫు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘మేడం, ఫ్యాను తప్పు కాదు. గాలి తగిలితే ఆవిరి పక్కకు పోతుంది, అందుకే కర్పూరం త్వరగా పోతోంది. నా ప్రాజెక్టు దీని మీదే చేస్తాను’ అంది. చేసింది కూడా. తరువాతి మూడు వారాలు ఫ్యాను వేగం మారుస్తూ కొలిచింది. పుస్తకంలో ఉన్న ప్రయోగాన్ని తిరిగి చేయడానికి వచ్చిన పిల్ల, తనకే తోచిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంది. ఆ మూడు వారాలకు కళాశాలకు అయిన ఖర్చు 350 రూపాయల వైరు, ఒక కర్పూరం పొట్లం.

ఆ తరువాత భౌతికశాస్త్రం సార్ మమ్మల్ని పిలిచారు. వాళ్ల దగ్గర వోల్టేజీ లాంటివి కొలిచే అజిలెంట్ 34401ఏ మల్టీమీటరు ఉంది. దాని వెనుకా ఇదే సాకెట్టు. మా కేబులూ మా సెట్టింగులూ అక్కడ పెడితే మళ్లీ పిచ్చి గుర్తులు. ఆ మీటరు తయారీలోనే ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు, తప్పు పట్టుకోవడానికి సరి పారిటీ అనే అదనపు బిట్ అని పెట్టి పంపుతారు. మా బ్యాలెన్సుది ఎనిమిది బిట్లు, పారిటీ లేదు. అది మార్చాక, నక్షత్రం గుర్తు పెట్టి ఐ, డి, ఎన్, చివర ప్రశ్నార్థకం పంపాం. నువ్వెవరు అని అడగడం అన్నమాట. జవాబులో మొదటి మాట హ్యూలెట్ ప్యాకర్డ్ అని వచ్చింది. మీటరు ముందు అజిలెంట్ అని ఉంది. ఆ కొలత పరికరాల వ్యాపారం 1999లో హ్యూలెట్ ప్యాకర్డ్ నుంచి విడిపోయి అజిలెంట్ అయిందని సార్ చెప్పారు. పెట్టె మీద పేరు మారినా లోపలి జవాబు పాతదే ఉంచారు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని అలా ఉంచారని నేను అనుకుంటాను.

వోల్టేజీ అడిగితే ఆ మీటరు బీప్ మని అరిచి తప్పు జరిగిందని తెలిపే 550 అనే సంఖ్య చూపించింది. పుస్తకం చివర ఉన్న పట్టికలో 550 అంటే ఏమిటో ఉంది. పరికరం ఇంకా మనిషి చేతి అదుపులో ఉంది, ఈ ఆదేశం చెల్లదు అని. సీరియల్ దారిన పని చేయించాలంటే ముందు దూరపు అదుపులోకి తెచ్చుకునే ఆదేశం ఇవ్వాలి. ఇచ్చాం. బ్యాటరీ వోల్టేజీ వచ్చింది. ఇందులో తెలివితేటల గొప్ప ఏమీ లేదు. పుస్తకం ఉంది, తప్పు సంఖ్యకు అర్థం అందులో ఉంది, అంతే. ఆ పుస్తకం లేకపోతే ఆ బీప్ విని ‘యంత్రం పాడైంది’ అని రాసేవాళ్లం.

ఆ సార్ ఇంకో మంచి పని చేశారు. సి.ఆర్.ఓ. (వోల్టేజీ మార్పులను తెర మీద గీతగా చూపే పరికరం) తగిలించి ఆ వైరులో వెళ్లే అక్షరాన్ని పిల్లలకు చూపించారు. ఏమీ పంపనప్పుడు గీత సున్నాకు కింద, రుణ వోల్టేజీలో ఉంటుంది. ‘ఎస్’ పంపగానే ఒక్కసారి పైకి లేస్తుంది. అది మొదలు అని చెప్పే బిట్. తరువాత ఎనిమిది మెట్లు, చివర మళ్లీ కిందికి. ఒక్కో మెట్టు సెకనులో దాదాపు పదివేలో వంతు. ‘ఎస్’ అక్షరానికి సంఖ్య 83. దాన్ని సున్నా, ఒకటి అనే రెండే అంకెల లెక్కలో (బైనరీలో) రాసి, కుడి చివర నుంచి ఒక్కో అంకె తీసుకుంటూ పోతే తెర మీద ఆ మెట్లే కనపడతాయి. ఒకటికి రుణ వోల్టేజీ, సున్నాకు ధన వోల్టేజీ అని తెలిసినప్పుడు పిల్లలు తల గోక్కున్నారు. 1960లో అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఈ ప్రమాణాన్ని మొదట ప్రకటించినప్పటి నుంచీ అదే పద్ధతి. మనం ఆర్‌ఎస్-232 అంటాం. తొమ్మిది పిన్నుల సాకెట్టు వాడుకలోకి తెచ్చింది 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటరు. అంతకుముందు ఇరవై అయిదు పిన్నులు ఉండేవి.

ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి. మా విభాగంలో ఒక స్పెక్ట్రోఫొటోమీటరు ఉండేది. ద్రావణంలోంచి వెలుతురు ఎంత దాటి వస్తుందో చూసి అందులో ఇనుము ఎంత, నైట్రేటు ఎంత అని లెక్కగట్టే పరికరం. చుట్టుపక్కల ఊళ్ల బావుల నీళ్లు పిల్లలు సీసాల్లో తెచ్చి దాంట్లో పరీక్షించేవారు. దానికి ముందు భాగంలో తెర లేదు, మీటలు లేవు. అన్నీ కంప్యూటరు నుంచే. ఆ కంప్యూటరు హార్డ్ డిస్కు ఒకనాడు పోయింది. సాఫ్ట్‌వేర్ సీడీ కొత్త విండోస్‌లో ఎక్కలేదు. అమ్మిన సంస్థను అడిగితే కొత్త సాఫ్ట్‌వేర్‌కు చెప్పిన ధర కొత్త పరికరంలో సగానికి దగ్గరగా ఉంది. అది ఇవ్వలేం, ఆదేశాల జాబితా అయినా ఇవ్వండి, మేమే రాసుకుంటాం అని ఉత్తరం రాశాం. అది తమ రహస్యమని, బయటికి ఇవ్వలేమని జవాబు వచ్చింది. పాత కంప్యూటరు బతికి ఉంటే మధ్యలో ఇంకో వైరు తగిలించి ఆ రెండూ ఏం మాట్లాడుకుంటున్నాయో విని రాసుకునేవాళ్లం. అదీ కుదరలేదు. మాట్లాడేవాడే లేడు.

అయిదేళ్లు దాని మీద గుడ్డ కప్పి ఉంచాను. నెలకోసారి స్విచ్ వేసి చూసేదాన్ని. లోపల దీపం వెలిగేది. ఆడిట్ వారు వచ్చినప్పుడు ఉపయోగంలో లేనిదిగా జాబితాలో చేరింది. జాబితా కింద ముగ్గురి సంతకాలు ఉన్నాయి, ఒకటి నాది. దీపం వెలుగుతున్న పరికరాన్ని పనికిరాదని రాసిచ్చాను. కటకాలు, అద్దాలు, మోటారు అన్నీ బాగున్నాయి. దానికి ఏమని చెబితే కదులుతుందో తెలియక పోవడమే దాని రోగం.

బ్యాలెన్సుకూ స్పెక్ట్రోఫొటోమీటరుకూ తేడా యంత్రంలో లేదు. ఒకదాని ఆదేశాలు అచ్చువేసి పెట్టెలో పెట్టారు, రెండోదాని ఆదేశాలు దాచిపెట్టారు. మొదటిది నేను విరమించేనాటికి పదిహేనేళ్లు దాటి పనిచేస్తోంది. నేను అధికారులను కోరేది ఇదే. ఇకమీదట కళాశాలలకు ఏ కొలత పరికరం కొన్నా, జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటులో) పెట్టినా, కొటేషన్లు పిలిచినా, షరతుల్లో ఒక్క వాక్యం చేర్చండి. పరికరంతో పాటు దాని పూర్తి ఆదేశాల పుస్తకం, సరైన కేబులు ఇవ్వాలి. అవి స్టాక్ రిజిస్టరులో ఎక్కితేనే బిల్లు చెల్లించాలి. కొనే ముందే అడిగితే ఏ సంస్థ అయినా ఇస్తుంది. కొన్నాక అడిగితే రహస్యం అంటుంది. 1990లో పెద్ద తయారీదారులు కొందరు కలిసి కొలత పరికరాలన్నిటికీ ఉమ్మడి ఆదేశాల భాష తయారుచేసుకున్నారు. స్కిపి అంటారు. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన మరో ప్రమాణంలోనే ఆ ‘నువ్వెవరు’ అన్న నక్షత్రం ఆదేశం ఉంది. ఇన్నేళ్లుగా పరిశ్రమ బాహాటంగా పంచుకుంటున్న దాన్ని మన కళాశాలలకు మాత్రం రహస్యం అని ఎందుకు చెప్పాలి?

కండెమ్ జాబితా విషయంలోనూ ఒక కోరిక ఉంది. ఆ ఫారంలో ‘మరమ్మతుకు పనికిరాదు’ అనే గడి పక్కన ‘సీరియల్ పోర్టు ద్వారా పరీక్షించారా’ అనే గడి పెట్టండి. ముందు తెర మసకబారిన మీటరు, మీటలు అరిగిపోయిన పీహెచ్ మీటరు లోపల కొలత మాత్రం సరిగ్గా కొలుస్తూ ఉండవచ్చు. తెర లేకపోయినా కంప్యూటరు తెర ఉంది. మీట లేకపోయినా అక్షరం ఉంది.

ఇప్పటి ల్యాప్‌టాపులకు ఆ సాకెట్టే లేదు, ఇంకా ఈ పాత చింతకాయ పచ్చడి ఎందుకని మా కళాశాలలోనే ఒకరు అన్నారు. వైరు ధర చెప్పాను కదా. పైగా కొత్త పరికరాలు చాలావాటికి యూఎస్‌బీ సాకెట్టు ఉన్నా, కంప్యూటరుకు తగిలించగానే అది సీరియల్ పోర్టుగానే కనిపిస్తుంది. అవే అక్షరాలు, అదే ప్రశ్నార్థకం. ఒకదాని మీద నేర్చుకున్న పిల్లకు రెండోది కొత్త కాదు. ఇక ల్యాబ్ అసిస్టెంట్లకు ఇది రాదు అన్న మాటకు నేనే జవాబు. నాకు 45 ఏళ్లు దాటాక వచ్చింది.

జాగ్రత్తలు లేకపోలేదు. ఒకసారి ప్రయోగం మధ్యలో ఎవరో ‘జడ్’ పంపితే బ్యాలెన్స్ సున్నా అయి అరపూట కొలతలు పోయాయి. అప్పటి నుంచి మేం పంపిన ఆదేశాలు కూడా సమయంతో సహా ఫైలులో పడేలా పెట్టాం. కొలిమి, పంపు లాంటివి దూరం నుంచి నడిపేటప్పుడు పక్కన మనిషి ఉండి తీరాలి. కర్పూరం బిళ్లను రాత్రి ఒంటరిగా వదిలినట్టు వాటిని వదలకూడదు.

మన దేశంలో దీనికి దారి వేసినవారు లేకపోలేదు. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వారు కళాశాలల కోసం ఎక్స్‌పైస్ అనే చిన్న పెట్టె తయారుచేశారు. అరచేతిలో పట్టే ఆ పెట్టెను కంప్యూటరుకు తగిలించి పైథాన్‌తో వోల్టేజీలు, సమయాలు కొలవవచ్చు. దాని నిర్మాణం దాచకుండా అందరికీ తెరిచి పెట్టారు. మన రెండు రాష్ట్రాల డిగ్రీ సిలబసులో భౌతిక, రసాయనశాస్త్ర ప్రాక్టికల్సు రెండింటిలోనూ కనీసం ఒక ప్రయోగం ఇలా పరికరంతో మాట్లాడి చేసేదిగా పెడితే, ఔషధ కంపెనీల నాణ్యత విభాగాల్లో ఉద్యోగాలకు వెళ్లే మన పిల్లలు అక్కడ మొదటిసారి ఆ కేబులును చూసి బెదరరు. హైదరాబాదు చుట్టుపక్కల, విశాఖ పరవాడ వైపు ఆ ఉద్యోగాలకే మా పిల్లలు చాలామంది వెళ్తారు. కర్పూరం అమ్మాయి కూడా అలాంటి ల్యాబులోనే ఉంది. బ్యాలెన్సుల నుంచి బరువులు నేరుగా కంప్యూటరులోకి వెళ్లే ఏర్పాటు చూసే పని తనది. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చి చెప్పి వెళ్లింది.

చివరగా మీ విలేకరికి ఒక మనవి. ఆ ఫొటో ఏ కళాశాల వరండాలో తీశారో, వేలం ఏ తేదీనో తెలియజేయండి. కేబులు నా దగ్గర ఉంది. వైరు మార్చే ఆ 350 రూపాయల ముక్క కూడా ఉంది. ప్రిన్సిపాల్ గారు అనుమతి ఇస్తే బస్సెక్కి వస్తాను. ఆ తెల్ల పెట్టెకు కరెంటు ఇచ్చి, తొమ్మిది పిన్నులూ తగిలించి, నక్షత్రం గుర్తుతో ఆ ఒక్క ప్రశ్న పంపి చూస్తాను. అది స్కిపి రాని పరికరమైతే వెనక పలక మీద మోడల్ నంబరు చూసి పుస్తకం వెతుకుతాను. ఒక పూట చాలు.

ఇట్లు
ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంట్,
తూర్పు గోదావరి జిల్లా